టైర్లో గాలి: రోడ్డుకో లెక్క, ట్రాక్‌కో లెక్క

పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు "ఎంత సార్?" అని అడగగానే చాలామంది నోటినుంచి వచ్చే మాట "అన్నిటికీ 35 కొట్టెయ్". బండి ఏది, అందులో ఎంతమంది ఎక్కారు, టైరు అప్పటికే ఎంత వేడెక్కింది అనేవేవీ ఆ అంకెలో లేవు. రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చే బండికి ఆ 35 పెద్ద హాని చేయకపోవచ్చు. అదే అంకెతో రేస్ ట్రాక్ ఎక్కితే మూడో నాలుగో ల్యాపుకల్లా (ల్యాపు అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) టైరు జారడం మొదలుపెడుతుంది. ట్రాక్ కోసం తీసేసిన గాలిని మళ్ళీ నింపకుండా హైవే ఎక్కితే ఇంకా ప్రమాదం, సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, లోపల్లోపలే మాడిపోతుంది.

రోడ్డుకు గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచి పెడతాం. ట్రాక్‌కు టైరు వేడిగా ఉన్నప్పుడు కొలిచి పెడతాం. మిగతాదంతా ఈ తేడాలోంచే వస్తుంది. రోడ్డు మీద టైరు పని బరువు మోయడం. ఎంత బరువుకు ఎంత గాలో కంపెనీ ముందే లెక్కగట్టి స్టిక్కర్ మీద వేసింది. ట్రాక్ మీద టైరు ఎంత వేడెక్కుతుందో బండిని బట్టి, నడిపే మనిషిని బట్టి, ఆ రోజు ఎండను బట్టి మారుతుంది. ఆ లెక్క కంపెనీ ఇవ్వలేదు, మనమే కట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా స్విఫ్ట్, పోలో, ఐ20, వర్టస్ లాంటి ముందు చక్రాలతో నడిచే కార్ల గురించి, అంటే 900 నుంచి 1300 కిలోల బరువున్నవి. ట్రాక్ అంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే లాంటివి. తెలుగు రాష్ట్రాల నుంచి సొంత కారు వేసుకుని వెళ్ళి, ట్రాక్ మీద తిప్పి, అదే టైర్లతో ఇంటికి రావలసిన దూరాలివి. అందుకే రెండు లెక్కలూ తెలిసి ఉండాలి.

రోడ్డు లెక్క

డ్రైవరు తలుపు తీస్తే కనిపించే పిల్లర్ మీదో, పెట్రోలు మూత లోపలివైపో ఒక స్టిక్కర్ ఉంటుంది. టైరు సైజు, ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అని అందులో ఉంటుంది. చాలా కార్లలో ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటి అంకె వేరు, నిండా మనుషులు, సామాను ఉన్నప్పటి అంకె వేరు. నిండా ఎక్కినప్పుడు ఎక్కువగా పెంచాల్సింది వెనక టైర్లకే, ఎందుకంటే ఆ బరువంతా పడేది వెనక ఇరుసు మీదే. స్టిక్కర్ మీద కిలోపాస్కల్ లెక్క ఉంటే 100 కిలోపాస్కల్ అంటే 14.5 పీఎస్‌ఐ (బంకులో చెప్పే లెక్క ఇదే), అదే 1 బార్. 230 అని ఉంటే 33.4 అన్నమాట.

టైరు సైడ్‌వాల్ మీద 51 పీఎస్‌ఐ లాంటి అంకె ఒకటి అచ్చై ఉంటుంది. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకు పెట్టాల్సింది కాదు. ఆ అంకె చూసి 45 కొట్టిస్తే టైరు మధ్యభాగం ఉబ్బి, అంచులు రోడ్డుకు సరిగా ఆనవు. బ్రేకు దూరం పెరుగుతుంది, గుంటలో పడితే రిమ్ముకీ టైరుకీ దెబ్బ.

టైర్లు మార్చి పెద్ద సైజో, ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువుకు చేసినవి) అని రాసి ఉన్నవో వేయించినవాళ్ళు ఒక సంగతి గమనించాలి. ఎక్స్‌ఎల్ టైరు గట్టిది కాబట్టి గాలి తక్కువైనా చాలు అనుకుంటారు. నిజానికి అది ఎక్కువ బరువు మోసేది ఎక్కువ గాలి ఉన్నప్పుడే. ఐరోపా ప్రమాణాల్లో మామూలు టైరు తన పూర్తి బరువును 250 కిలోపాస్కల్ దగ్గర, అంటే 36 పీఎస్‌ఐ దగ్గర మోస్తుంది. ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువు మోయడానికి 290 కిలోపాస్కల్, అంటే 42 కావాలి. ఒకే గాలి దగ్గర రెండూ మోసేది ఇంచుమించు సమానమే. కాబట్టి ఎక్స్‌ఎల్ వేసినా స్టిక్కర్ అంకె కంటే తగ్గకూడదు.

గాలి చూడాల్సింది ఉదయం, బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, ఎండ తగలకముందు. పార్కింగులో ఒకవైపు ఎండ పడుతుంటే ఆ వైపు టైర్లు రెండు పీఎస్‌ఐ వరకు ఎక్కువ చూపిస్తాయి. అది చూసి అటు గాలి తీసేస్తే సాయంత్రానికి అటువైపే తక్కువ.

గాలి మిషను ఇంట్లో లేనివాళ్ళకు ఒక సులువైన పద్ధతి ఉంది. ఉదయం ఇంట్లోనే గేజ్‌తో చూడండి. కావలసింది 33, ఉన్నది 28 అనుకుందాం, లోటు 5. బంకుకు వెళ్ళేసరికి టైరు కాస్త వేడెక్కి 30 చూపిస్తుంది. అక్కడ 33 కొట్టించకూడదు. 30కి ఆ లోటు 5 కలిపి 35 కొట్టించాలి. మర్నాడు ఉదయం చూస్తే 33కు అటూఇటూ అర పీఎస్‌ఐలో ఉంటుంది. వేడి టైరులో స్టిక్కర్ అంకె కనబడేదాకా గాలి తీయడం రోడ్డు మీద ఎప్పుడూ చేయకూడని పని.

గేజ్ సొంతది కొనుక్కోవాలి. బంకు మిషన్లలో ఒకటి 33 అన్నచోట ఇంకోటి 36 అంటుంది. మీ గేజ్ కూడా ఒక పీఎస్‌ఐ తేడాగా ఉండొచ్చు, పర్వాలేదు. ఎప్పుడూ అదే వాడితే ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఎండాకాలంలో గాలి తగ్గించాలా?

మే నెలలో ప్రతి పంక్చర్ షాపులో వినిపించే సలహా: "ఎండలకి టైరు పేలుద్ది, రెండు మూడు తక్కువ పెట్టించుకోండి." రెంటచింతల, రామగుండం ఎండల్లో ఈ మాట సబబుగానే అనిపిస్తుంది. జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం కాబట్టి లెక్క చూద్దాం.

గాలి ప్రెజర్, ఉష్ణోగ్రత కలిసే పెరుగుతాయి. లెక్కలో గేజ్ అంకెకు 14.7, ఉష్ణోగ్రతకు 273 కలపాలి. ఉదయం 30 డిగ్రీల దగ్గర 33 పెట్టారు. హైవే మీద టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరింది. 47.7ను 343తో గుణించి 303తో భాగిస్తే 54, అందులోంచి 14.7 తీస్తే 39.3. అంటే ఆరు పీఎస్‌ఐ పెరిగింది. మంచి టైరుకు ఇది లెక్కలోకే రాదు. స్టిక్కర్ అంకెను నిర్ణయించినవాళ్ళు ఈ పెరుగుదలను ముందే చూసుకున్నారు.

టైరును చంపేది పెరిగిన గాలి కాదు, తగ్గిన గాలి. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ ఎక్కువగా వంగి లేస్తుంది. వందకు పైగా వేగంలో, నలుగురు మనుషుల బరువుతో, కాలిన కాంక్రీటు రోడ్డు మీద గంటసేపు అలా వంగితే లోపలి రబ్బరు, దారాల పొరలు వేడికి విడిపోతాయి. బయటికి ఏమీ కనబడదు. పేలినప్పుడే తెలుస్తుంది. దూరప్రయాణానికి స్టిక్కర్‌లోని నిండు బరువు అంకె పెట్టండి. ఎండాకాలమైనా అంతే.

రుతువు మారితే తిరిగి చూసుకోవడం మాత్రం అవసరం. పది డిగ్రీలకు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తేడా. మేలో 32 డిగ్రీల ఉదయాన 33 పెట్టి వదిలేస్తే డిసెంబరులో 15 డిగ్రీల ఉదయానికి అది 30 అయిపోతుంది. దీనికి తోడు ఏ రంధ్రమూ లేకపోయినా రబ్బరులోంచి నెలకు ఒక పీఎస్‌ఐ దాకా గాలి పోతూనే ఉంటుంది. డాష్‌బోర్డు మీది టైరు లైటును నమ్ముకుంటే కుదరదు. సాధారణంగా ఐదో వంతో నాలుగో వంతో పడిపోయాకే అది వెలుగుతుంది. ఏబీఎస్ సెన్సర్ల ద్వారా చక్రాల వేగం చూసి పసిగట్టే రకమైతే గాలి సరిచేసిన ప్రతిసారీ దాన్ని రీసెట్ చేయాలి. లేకపోతే తప్పుడు అంకెనే సరైనదనుకుంటుంది.

వానలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందనేది కూడా పొరపాటే. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగానికి, టైరులోని గాలికి సూటి సంబంధం ఉందని నాసా పరిశోధకులు 1960ల్లోనే విమానాల టైర్ల మీద తేల్చారు. ఆ సూత్రం ప్రకారం 36 పీఎస్‌ఐ దగ్గర సుమారు 100 కిలోమీటర్ల వేగంలో తేలితే, 25 దగ్గర 83కే తేలుతుంది. కారు టైరుకు గాడుల లోతు, వెడల్పు కూడా లెక్కకొస్తాయి, అంకెలు మారతాయి. దిశ మాత్రం అదే.

ట్రాక్‌కు వెళ్ళేముందు

కొనాల్సినవి ఎక్కువేం లేవు. అర పీఎస్‌ఐ తేడా కూడా చూపించే డిజిటల్ గేజ్, గాలి కొద్దికొద్దిగా వదిలే బటన్ ఉన్నదైతే మంచిది. 12 వోల్టుల చిన్న కంప్రెసర్, తెల్ల సుద్దముక్క లేదా తెల్ల షూ పాలిష్, టార్క్ రెంచి (నట్టు ఎంత బిగువుగా ఉందో కొలిచేది), ఒక పుస్తకం, పెన్ను. టైరులోకి సూది గుచ్చి ఉష్ణోగ్రత చూసే పైరోమీటర్ ఉంటే ఇంకా మంచిది. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ పైపొర ఉష్ణోగ్రతే చెబుతుంది, ఆ పైపొర పిట్స్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటు) వచ్చేలోపే చల్లారిపోతుంది.

ముందురోజు ప్రతి టైరునూ చేత్తో తడుముతూ చుట్టూ చూడాలి. కోతలు, ఉబ్బులు, మేకులు. సైడ్‌వాల్ మీది చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగా ఉన్నా ఐదారేళ్ళు దాటిన టైరుతో ట్రాక్ ఎక్కకపోవడమే మంచిది, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. పంక్చర్ అతికించిన టైరును ట్రాక్‌కు వాడొద్దు. వాల్వులకు లోపల రబ్బరు వాషర్ ఉన్న మూతలు పెట్టండి.

నైట్రోజన్ సంగతి. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, వేడికి రెండూ ఒకేలా పెరుగుతాయి. తేడా అంతా తేమది. నీళ్ళు వదలని బంకు కంప్రెసర్లోంచి వచ్చిన గాలితో ఆ తేమ టైరులోకి చేరి, వేడికి ఆవిరై, ప్రెజర్‌ను లెక్కకు మించి పెంచుతుంది. ట్రాక్‌కు ఇది ఇబ్బందే. నైట్రోజన్ పట్టిస్తే పూర్తిగా వదిలి, నింపి, మళ్ళీ వదిలి నింపమనండి. ఒక్కసారి పైపైన కొట్టిస్తే పాత తడి గాలి అలాగే ఉంటుంది. రోజువారీ బండికి మాత్రం దీనికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు.

ఎంత వేడి ప్రెజర్ కావాలి

మొదలుపెట్టడానికి ఈ అంకెలు తీసుకోండి, ఇవన్నీ వేడిగా ఉన్నప్పటివి. కారుతో వచ్చిన మామూలు రోడ్డు టైర్లకు ముందు 38 నుంచి 40, వెనక 36 నుంచి 38. మెత్తటి రబ్బరున్న స్పోర్ట్ టైర్లకు, అంటే ట్రెడ్‌వేర్ అంకె (రబ్బరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పేది) 200 దగ్గర ఉన్నవాటికి, ముందు 35 నుంచి 37, వెనక 33 నుంచి 36. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్యరకంగా చేసే సెమీ స్లిక్కులకు 32 నుంచి 36 మధ్యలో, కానీ వాటికి తయారీదారు ఇచ్చే అంకెనే ముందు నమ్మాలి.

మామూలు టైరుకు ఎక్కువ గాలి ఎందుకు? దాని సైడ్‌వాల్ మెత్తన. మూలమలుపులో కారు బరువంతా బయటి ముందు టైరు మీద పడినప్పుడు అది పక్కకు మడత పడకుండా ఆపేది గాలి ఒక్కటే. గట్టి సైడ్‌వాల్ ఉన్న టైరుకు ఆ సాయం అంతగా అక్కర్లేదు. అందుకే ఎవరో సెమీ స్లిక్కులకు చల్లగా పెట్టే 26ను చూసి మామూలు టైర్లకు పెడితే షోల్డర్, అంటే టైరు పైభాగం పక్కకు తిరిగే అంచు, ఒక్క సెషన్‌లో (ఒకసారి ట్రాక్ ఎక్కి దిగేలోపు) చెక్కుకుపోతుంది. మామూలు టైరును చల్లగా 28 కంటే కిందికి దించి ట్రాక్ ఎక్కవద్దు.

మొదటి సెషన్‌కు స్టిక్కర్ అంకెతోనే వెళ్ళండి. ముందుగానే తగ్గించుకుని వెళ్ళాలనే తొందర చాలామందికి ఉంటుంది. మొదటి రెండు ల్యాపుల్లో టైరు చల్లగా, మెత్తగా ఉన్నప్పుడే బ్రేకింగ్‌లో సైడ్‌వాల్ ఎక్కువగా నలుగుతుంది. గాలి తీయడం ఒక్క క్షణం పని, చెక్కుకుపోయిన షోల్డర్ తిరిగి రాదు.

సెషన్ అయ్యాక కొలత

ట్రాక్ ఎక్కేముందు ప్రతి టైరు బయటి షోల్డర్ మీద సుద్దతో మూడుచోట్ల గీతలు గీయండి. ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) అంచునుంచి సైడ్‌వాల్ మీదికి రెండంగుళాలు వచ్చేలా ఉండాలి. చాలా టైర్లకు అక్కడే ఒక చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. అది లేకపోతే ట్రెడ్ గాడులు ఆగిపోయే చోటును గుర్తుగా పెట్టుకోండి.

మొదటి ల్యాపు నెమ్మది, తర్వాత నాలుగైదు ల్యాపులు మీ మామూలు వేగం, ఆపైన పిట్స్‌లోకి. బ్రేకులు చల్లబరచడానికి ఒక ల్యాపు నిదానంగా నడపడం తప్పదు, కానీ ఆ ల్యాపులోనే టైరు ప్రెజర్ ఒకటి రెండు పీఎస్‌ఐ పడిపోతుంది. అందుకని ప్రతి సెషన్‌లోనూ ఒకే తీరుగా లోపలికి రావాలి. ఒకసారి నేరుగా, ఇంకోసారి నిదానంగా వస్తే ఆ రెండు కొలతలనూ పోల్చలేం. ఆగాక హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, కాలిన ప్యాడ్లు డిస్కుకు అంటుకుంటాయి. మొదటి గేరులో వేసి చక్రం కింద అడ్డు పెట్టండి.

గేజ్ పట్టుకుని ఒకరు సిద్ధంగా ఉంటే మంచిది. రెండు నిమిషాల్లో నాలుగు టైర్లూ అయిపోవాలి. గడియారం ముల్లు తిరిగే దిశలో సాగే ట్రాక్ మీద కుడి మలుపులు ఎక్కువ, ఎడమ టైర్లు ఎక్కువ మోస్తాయి. కాబట్టి ముందు ఎడమవైపు ముందు టైరు, తర్వాత కుడి ముందు, ఎడమ వెనక, కుడి వెనక. ప్రతిసారీ ఇదే వరస.

ఒక ఉదాహరణ. ఉదయం 30 డిగ్రీలప్పుడు నాలుగూ 33. సెషన్ అయ్యాక ఎడమ ముందు 42, కుడి ముందు 39.5, ఎడమ వెనక 37.5, కుడి వెనక 36.5. ముందు రెండూ 38 కావాలి. ఎడమదాంట్లోంచి 4, కుడిదాంట్లోంచి 1.5 తీస్తాం. వెనకవి సరిపోయాయి, ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఎడమ ముందు టైరు చల్లారితే ఎంత ఉంటుంది? వేడెక్కిన నిష్పత్తి 56.7 బై 47.7, అంటే 1.19. ఇప్పటి 38కి 14.7 కలిపి 1.19తో భాగించి, 14.7 తీస్తే 29.6. కుడిది అలాగే చూస్తే 31.7. వచ్చేసారి అదే ట్రాక్‌కు, అదే రకం వాతావరణంలో ఉదయాన్నే ఎడమ 29.5, కుడి 31.5 పెట్టుకుని వెళితే మొదటి సెషన్‌లోనే 38 దగ్గరికి చేరతారు. ఎడమకూ కుడికీ చల్లగా ఉన్నప్పుడు రెండు పీఎస్‌ఐ తేడా చూసి కంగారుపడి సమానం చేయకండి. ట్రాక్ మీద సమానం కావాల్సింది వేడి అంకెలు.

మధ్యాహ్నం పిట్స్‌లో ఎండన పెట్టిన కారుకు గేజ్ పెట్టి, "పొద్దున 29.5 ఉంది, ఇప్పుడు 31.5 ఎందుకుంది?" అని గాలి తీసేయడం ఎక్కువగా జరిగే పొరపాటు. టైరు 43 డిగ్రీలకు చేరితే పొద్దుటి 29.6 దానంతటదే 31.5 అవుతుంది. గాలి ఎక్కడినుంచో వచ్చి చేరలేదు. సెషన్ల మధ్య చల్లారిన టైరును కొలిచి సరిచేయొద్దు, వేడి కొలతతోనే సరిచేయాలి.

సుద్దగీత ఏం చెబుతుంది

ఇప్పుడు షోల్డర్ దగ్గర వంగి చూడండి. సుద్ద త్రిభుజం మొన దాకా చెరిగి, అక్కడ ఆగితే గాలి సరిగ్గా ఉంది. మొన దాటి సైడ్‌వాల్ మీది అక్షరాల వైపు పోయిందంటే టైరు మడతపడుతోంది, వేడి అంకెను 2 పెంచండి. మొనకు చాలా ఇవతలే సుద్ద తెల్లగా మిగిలితే గాలి ఎక్కువ, ఒకటి తీయండి. ట్రెడ్ బయటి బ్లాకుల అంచుల మీద వేలితో రాస్తే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపపు పళ్ళలా గీరుకుంటే అది కూడా మడత గుర్తే.

సూది పైరోమీటర్ ఉంటే లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడుచోట్లా చూడండి. మధ్యభాగం రెండు అంచుల సగటు కంటే ఐదు డిగ్రీలకు మించి వేడిగా ఉంటే గాలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. బయటి అంచు లోపలిదానికంటే చాలా వేడిగా ఉంటే అది క్యాంబర్ సమస్య, అంటే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణానిది. మామూలు కార్లలో ముందు చక్రాల క్యాంబర్ సున్నా నుంచి మైనస్ ఒక డిగ్రీ మధ్యే ఉంటుంది కాబట్టి ఇది తప్పదు. గాలితో దీన్ని కొంత కప్పిపుచ్చగలం, పూర్తిగా సరిచేయలేం. ఆ ప్రయత్నంలో గాలి పెంచుకుంటూ పోతే మధ్యభాగం పట్టు కూడా పోతుంది. అలైన్‌మెంటు మార్చడం వేరే పని.

డ్రైవరుకు తెలిసే గుర్తులూ ఉంటాయి. గాలి ఎక్కువైతే మొదటి రెండు ల్యాపులు చురుగ్గా ఉండి, తర్వాత కారు నూనె మీద జారినట్టు పోతుంది, బ్రేకు వేయగానే ఏబీఎస్ తొందరగా కొడుతుంది. తక్కువైతే స్టీరింగ్ తిప్పాక ముక్కు తిరగడానికి ఒక క్షణం పడుతుంది, మలుపు మధ్యలో కారు ఇంకోసారి ఒరిగినట్టు ఉంటుంది. రెండింటిలోనూ ముక్కు బయటికే పోతుంది, చికిత్సలు మాత్రం ఎదురుబొదురు. అందుకే "అండర్‌స్టీర్ వస్తోంది, ముందు గాలి తగ్గించు" అనే సలహాను గుడ్డిగా పాటించకూడదు. ముందు సుద్ద చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. ప్రెజర్ పది పీఎస్‌ఐకి మించి పెరిగిందంటే చాలామంది ఇంకా తక్కువతో మొదలుపెడతారు. తక్కువ గాలి టైరును ఎక్కువ వంచుతుంది, ఆ వంపే వేడి పుట్టిస్తుంది, మళ్ళీ అంతే పెరుగుతుంది. అలాంటప్పుడు రెండు పీఎస్‌ఐ ఎక్కువతో మొదలుపెట్టి చూడండి. పెరుగుదల తగ్గితే కారణం అదే. తగ్గకపోతే టైర్లను జారిస్తూ నడుపుతున్నారు, స్టీరింగ్ అవసరానికి మించి తిప్పుతున్నారు.

ఒకసారికి ఒక చివరే మార్చండి, ఒక పీఎస్‌ఐ చొప్పున. ముందూ వెనకా కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ముందు చక్రాల కార్లలో వెనక టైర్లకు రెండు మూడు ఎక్కువ పెట్టి తోక తొందరగా తిరిగేలా చేసే చిట్కా ఒకటి ఉంది, పనిచేస్తుంది కూడా. ట్రాక్‌కు కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు. మలుపులో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ఆ తోక చుట్టేస్తుంది. రోడ్డు మీద ఎవరూ అలా పెట్టకూడదు.

వాన పడితే టైరు అంతగా వేడెక్కదు. వేడి అంకెకు చేరాలంటే చల్లగా రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువతో మొదలుపెట్టాలి. ఉదయం తీసిన గాలి ఇక్కడ తిరిగి కొట్టాలి, అందుకే కంప్రెసర్ వెంట ఉండాలన్నది.

బైకుల మాట కొంచెం. పెద్ద స్పోర్ట్ బైకులకు రోడ్డు అంకె తరచుగా ముందు 36, వెనక 42 ఉంటుంది. రోడ్డు టైర్లతో ట్రాక్‌కు వాటిని చల్లగా 30–32 దగ్గరికి దించుతారు, ఎక్కువ తగ్గేది వెనకది. 300, 400 సీసీ బైకులకు రోడ్డు అంకే తక్కువ, బరువూ తక్కువ, వాటికి ఒకటి రెండుకు మించి తీయనక్కర్లేదు. రేసు టైర్లైతే టైరు కంపెనీ ఇచ్చే వేడి అంకె తప్ప వేరే లెక్క పెట్టుకోవద్దు.

ఇంటికి బయలుదేరేముందు

పుస్తకంలో రాసుకున్నది ఇప్పుడు అక్కరకొస్తుంది. ట్రాక్ పేరు, తేదీ, గాలి ఉష్ణోగ్రత, ఎండా మబ్బా, నాలుగు టైర్ల చల్ల అంకెలు, ప్రతి సెషన్ తర్వాత వేడి అంకెలు, ఎంత తీశారు, సుద్ద ఎక్కడ ఆగింది. ఇవి ఉంటే చాలు.

చివరి సెషన్ అయ్యాక కనీసం గంట ఆగండి. ఎడమ ముందు టైరు చల్లారాక 29.6 అని లెక్క ఉంది, స్టిక్కర్ అంకె 33. అంటే 3.4 కొట్టాలి. కుడిదానికి 1.3. టైరు ఇంకా గోరువెచ్చగా ఉన్నా గేజ్ చూపిస్తున్న అంకెకు ఈ లోటే కలపండి. సామానుతో, మనుషులతో నెల్లూరు, ఒంగోలు మీదుగా రాత్రంతా నడపాలంటే నిండు బరువు అంకెకు లెక్క కట్టాలి. వీల్ నట్లు ఎదురెదురు వరసలో టార్క్ రెంచితో మళ్ళీ బిగించండి. చాలా కార్లకు ఇది 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుది మాన్యువల్‌లో చూడాలి. ట్రెడ్‌లో ఇరుక్కున్న రాళ్ళూ రబ్బరు ముద్దలూ తీసేసి, లోపలివైపు సైడ్‌వాల్ కూడా టార్చ్ వేసి చూడండి. బ్రేకు పట్టేసి ఒకచోట నున్నగా అరిగిన టైరు 80 దాటగానే స్టీరింగ్‌ను వణికిస్తుంది.

మర్నాడు ఉదయం చల్లగా ఇంకోసారి కొలవండి. మూడు టైర్లు లెక్క ప్రకారం ఉండి నాలుగోది రెండు పీఎస్‌ఐ తగ్గిందంటే ముందు వాల్వు మూత తీసి, దాని మీద సబ్బునీటి చుక్క వేసి చూడండి. ట్రాక్ మీద పదేపదే గాలి వదిలినప్పుడు దుమ్ము చేరి వాల్వు పిన్ను సరిగా మూసుకోకపోవడం మామూలే. బుడగ లేస్తే పిన్ను మార్పిస్తే సరిపోతుంది. అక్కడ బుడగ లేకపోతే రిమ్ముకూ టైరుకూ మధ్య అంచంతా సబ్బునీరు పోసి చూడాలి. అక్కడినుంచి లేస్తే కర్బు (ట్రాక్ అంచు గట్టు) మీద ఎక్కి రిమ్ము వంగి ఉండొచ్చు, ఆ చక్రంతో హైవే ఎక్కకుండా టైరు విప్పించి లోపలివైపు కూడా చూపించుకోండి.